ఎరిగినవాళ్ల ఉత్తరం

ఎంసీఏ మూడేళ్లలో నాకు పాఠాలు చెప్పిన లెక్చరర్లలో ఒక్కరు కూడా నేను పాసయ్యే రోజుకు ఆ కాలేజీలో లేరు. అది నేను చేసుకున్న పాపమేమీ కాదు, ఆ రోజులు అట్లాంటివి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే, నిన్నమొన్నటిదాకా టమాటా, క్యారెట్ పండిన చేలల్లో కాలేజీలు లేచాయి. బయట బోర్డులు ఆకాశమంత ఉండేవి, లోపల గోడలకు వేసిన సున్నం ఇంకా ఆరి ఉండేది కాదు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు అంతకుముందు ఏడాది పాసైన పిల్లలే. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పిలుపు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవడం ఎందుకని వచ్చి చేరేవాళ్లు. ఎండాకాలం సెలవుల తర్వాత పాఠం మొదలుపెట్టిన సారు దసరా అయ్యాక కనిపించేవాడు కాదు. "సారుకు జాబొచ్చిందంట" అని ఎవరో అనేవాళ్లు. క్లాసంతా చప్పట్లు కొట్టేవాళ్లం. మా పాఠం నడిమధ్యలో వదిలేసి పోయిన మనిషికి మేమే చప్పట్లు కొట్టాం! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అట్లా వెళ్లిపోయినవాళ్లలో ఒక్క సారుకు మాత్రం నేనెవరో తెలుసు. ల్యాబులో కరెంటు పోయినప్పుడు ఆయన మమ్మల్ని ఇళ్లకు పంపేసేవారు కాదు, కాగితం మీదే ప్రోగ్రాం రాయించేవారు. నేను రాసింది చదివి, తప్పు ఎక్కడుందో చెప్పకుండా "నువ్వే పట్టుకో" అని తిరిగి ఇచ్చేవారు. నేను పట్టుకునేదాన్ని. అప్పుడు ఆయన నవ్వే నవ్వు కోసం మళ్లీ కరెంటు పోతే బాగుండుననిపించేది. ఆ సారు బెంగళూరు వెళ్లిపోయారు. పోయేటప్పుడు బోర్డు మీద రాసిపోయిన ఫోన్ నంబరుకు నేను మొయినాబాద్ బూత్ నుంచి చాలాసార్లు చేశాను. ఎప్పుడూ వేరే ఎవరో కన్నడంలో మాట్లాడేవారు.

ఆయన కోసం అంతగా ప్రయత్నించడానికి కారణం ఒక ఉత్తరం. చదువు అయిపోయిన తొమ్మిది పది నెలలకు సిటీలో ఒక కంపెనీ రాత పరీక్ష పెట్టింది. మా ఊరు సురంగల్ నుంచి నేనొక్కదాన్నే పోయాను, గట్టెక్కాను. ఇంటర్వ్యూకు రమ్మని మెయిల్ వచ్చింది. చేవెళ్ల నెట్ సెంటర్లో ఆ మెయిల్ ప్రింటు తీయించుకుని, బస్టాండులో నిలబడే రెండుసార్లు చదివాను. మార్కుల మెమోలు, ఫొటోలు, వాటితోపాటు రెండు రికమండేషన్ లెటర్లు తేవాలని ఉంది. ఒకటి కాలేజీ నుంచి. రెండోది బాధ్యత గల ఉద్యోగంలో ఉండి, చుట్టం కాకుండా, కనీసం రెండేళ్లుగా నన్ను ఎరిగిన మనిషి నుంచి. రెండూ కవర్లో పెట్టి అంటించి ఉండాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కంపెనీ ఆ ఏడు పాసైనవాళ్లనే పిలిచింది. అన్ని కంపెనీలూ అంతే. ఏడాది దాటిందంటే మనం పాత సరుకు. "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని అడుగుతారు, ఉద్యోగం వెతుక్కున్నానని చెబితే అదేదో నేరం ఒప్పుకున్నట్టు చూస్తారు. అప్పటికి నా ఏడు అయిపోవస్తోంది. చేతిలో ఉన్న పిలుపు ఇదొక్కటే. ఇది పోతే నేను చదివిన చదువు పోయినట్టే. ఆ మాట నాకు తెలుసు, మా బాపుకు తెలుసు, తెల్లారకముందే బాపుతో కలిసి గులాబీ తోటల్లో పూలు కోయడానికి పోయే మా అవ్వకూ తెలుసు.

ముందు కాలేజీకి పోయాను. ప్రిన్సిపాల్ గదిలో కొత్త మనిషి కూర్చుని ఉన్నారు. నా మెమోలు తిరగేసి "మార్కులు బాగున్నాయమ్మా, కానీ నేను చేరి ఇరవై రోజులు కూడా కాలేదు, నీ గురించి నేనేం రాస్తాను?" అన్నారు. ఆ మాటలో తప్పేముంది? మా డిపార్ట్‌మెంటులో చూస్తే ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని, నా ముందే, తమ ఇంటర్వ్యూల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకరు నన్ను చూసి "మేడం, మీరు ఏ సబ్జెక్టు?" అని అడిగారు. నన్ను కొత్తగా చేరిన లెక్చరర్ అనుకున్నారు. ఇక్కడ చదివిన స్టూడెంటునని చెప్పేసరికి ముఖం తిప్పుకున్నారు. చివరికి ఆఫీసులో క్లర్కు నా గోడు విని ఒక అచ్చు కాగితం తీశాడు.

"గీ కాండక్ట్ సర్టిఫికెటే ఇస్తం అందరికి. గిదే రికమండేషన్ అనుకో. మూడేండ్లు సదివినవ్, మంచిగున్నవ్ అని ఉన్నది. ఇంకేం గావాలె?"

"అన్నా, నా గురించి తెలిసినోళ్లు రాయాలంట" అన్నాను.

"గీడ ఎవరికి ఎవరు ఎరుకమ్మా? నేను సుత మొన్ననే వచ్చిన" అన్నాడు.

ముద్ర కొట్టి ఇచ్చాడు. నా ప్రవర్తన సంతృప్తికరం అని అందులో ఉంది. మూడేళ్లు సురంగల్ నుంచి పోయి వచ్చినదానికి, కరెంటు లేని ల్యాబులో కాగితాల మీద ప్రోగ్రాములు రాసినదానికి ఆ ఒక్క ముక్క మిగిలింది. ఆ కాగితాన్నే కవర్లో పెట్టి అంటించాను. ఇక భారమంతా రెండో ఉత్తరం మీద పడింది.

రెండో ఉత్తరం ఎవరితో రాయించాలన్న దగ్గర మా బాపుకు అనుమానమే రాలేదు. మా బాపు చదువుకోలేదు కానీ సిఫారసు అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. దవాఖానలో మంచం దొరకాలన్నా, బ్యాంకులో లోను దొరకాలన్నా ఎవరో ఒక పెద్దమనిషి మాట ఉండాలని పుట్టినప్పటి నుంచీ చూసినవాడే కదా.

"గా హిమాయత్‌నగర్ సారు లేడా బిడ్డా? రెండేండ్ల సంది వాండ్లింటికి పోవడితివి. గంత పెద్ద కంపెనీల జేస్తడు. ఆయనకంటె నిన్ను ఎరిగినోడు ఎవడున్నడు?" అన్నాడు.

నిజమే. నా మనసులోనూ ఆయనే ఉన్నారు. ఆ సారువాళ్లది కోస్తా వైపు. సిటీలోది కాదు, మా మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ దగ్గర కొత్తగా పడ్డ ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నారు. సారు సిటీలో పేరున్న కంపెనీలో మేనేజరు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. వాళ్ల ఇద్దరు పిల్లలకు నేను సాయంత్రాలు లెక్కలు, సైన్సు చెప్పేదాన్ని. మొదట్లో చెప్పి వచ్చేసేదాన్ని. మెల్లమెల్లగా మేడం బజారుకు వెళ్తే ఇంట్లో ఉండటం, గ్యాస్ సిలిండరు వచ్చే రోజు ముందే వెళ్లి తలుపు తీయడం కూడా నా పనుల్లో చేరాయి. వాళ్లు సొంత ఊరికి వెళ్లినప్పుడల్లా తాళాలు నాకిచ్చేవాళ్లు. నేను పగలు వెళ్లి మొక్కలకు నీళ్లు పోసేదాన్ని, రాత్రికి మా బాపు వెళ్లి వాళ్ల వరండాలో పడుకునేవాడు. ఇవన్నీ ఎవరూ చేయమని గట్టిగా అడిగినవి కావు. మేడం "కాస్త చూస్తూ ఉంటావా అమ్మా" అనేది, నేను "అట్లాగే మేడం" అనేదాన్ని. వాళ్లింట్లో నేను వాళ్ల తెలుగే మాట్లాడేదాన్ని. గేటు దాటాక నా తెలుగు మళ్లీ నాకు వచ్చేది.

నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైంది వాళ్ల కంప్యూటరు. పిల్లలకు ఎక్కాలు ఎంతకీ రావట్లేదని నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. లెక్క తెర మీద పడుతుంది, సరైన జవాబు కొడితే బుడగ పేలుతుంది. పెద్దపిల్ల దాన్ని వదిలేది కాదు. సారు ఎప్పుడైనా చూసే ఉంటారని నా నమ్మకం. చూసి ఉంటే ఉత్తరంలో ఆ మాట ఒక్కటి రాస్తే చాలు, నా పంట పండినట్టే అనుకున్నాను. ప్రోగ్రాం రాసే పిల్ల అని ఒక మేనేజరు రాస్తే ఏ కంపెనీ కాదంటుంది?

మా దగ్గర సిఫారసు అడగటానికి ఒక పద్ధతి ఉంది. ఒట్టి చేతులతో పోకూడదు, తీసుకుపోయింది చేతికి ఇవ్వకూడదు, గడప పక్కన పెట్టాలి. పోగానే విషయం ఎత్తకూడదు. పిల్లల సంగతి, వానల సంగతి మాట్లాడి, ఇక లేస్తామనగా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏం రాయాలో మన నోటితో మనం చెప్పకూడదు. ఆ ఆదివారం పొద్దున ఆటోలో పోతూ బాపు ఇదంతా నాకు మళ్లీ ఒకసారి అప్పజెప్పాడు. ఆయన ఒళ్లో మా పెరటి చిక్కుడుకాయల సంచి ఉంది.

"సూడు బిడ్డా, రాయమని అడుగుడు వరకే మనది. గిది రాయి, గది రాయి అని మనం జెప్పొద్దు. నా గురించి గొప్పగ రాయుండ్రి అని నోరు తెరిసి అడిగితె ఇజ్జత్ ఉంటదా? ఆయనకు ఎరుకైంది ఆయన రాస్తడు. ఫికర్ జెయ్యకు."

బాపు సంచి గడప పక్కన పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. నేను సోఫా చివర కూర్చున్నాను. పద్ధతి ప్రకారమే పిల్లల పరీక్షల గురించి మాట్లాడి, లేచేముందు విషయం చెప్పాను. సారు ముఖం వెలిగింది. నిజంగానే సంతోషపడ్డారు. ఆయనను నేను ఇప్పటికీ తప్పు పట్టలేకపోవడానికి ఆ ముఖమే కారణం.

"దానికేముందమ్మా, తప్పకుండా రాస్తాను. నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను? ఏం రాయమంటావో చెప్పు మరి" అన్నారు.

చెప్పు అన్నారు. తలుపు బార్లా తెరిచి మరీ అడిగారు. నా నాలుక చివర దాకా వచ్చింది: ఎక్కాల ప్రోగ్రాం నేను రాసిందే సార్, కాలేజీలో సీ, జావా నాకు బాగా వచ్చు సార్, మా ప్రాజెక్టు కోడ్ మొత్తం నేనే రాశాను సార్ అని. తలుపు అవతల మెట్ల మీద మా బాపు వీపు కనిపిస్తోంది. ఇరవై మూడేళ్లు నాకు నేర్పిన పద్ధతి అడ్డం పడింది. మనల్ని మనమే పొగుడుకోవడం మా ఇంటావంటా లేదు.

"మీకు తెలిసిందే రాయండి సార్" అన్నాను.

"అంతేలే, నాకు తెలిసిందే రాస్తాను. నీలాంటి అమ్మాయి దొరకడం మా అదృష్టం" అన్నారు సారు. మెట్ల మీద బాపు వీపు కొంచెం నిటారుగా అయింది.

మర్నాడు సాయంత్రం మేడం కవరు చేతికిచ్చింది. మంచి కాగితం, చుట్టూ నున్నగా అంటించి, అతుకు మీద సారు సంతకం. "నిన్న కూర్చుని చాలాసేపు ఆలోచించి రాశారమ్మా నీ కోసం" అంది మేడం. ఆ కవరును నేను ఇంటికి తెచ్చి, నలగకుండా ట్రంకు పెట్టెలో చీరల మధ్య పెట్టాను. విప్పి చూడాలని చేయి లాగేది. విప్పితే చెల్లదు కదా. ఇంటర్వ్యూ దాకా ఆ వారమంతా నేను ఆ కవర్లో ఏముందో ఊహించుకుంటూ గడిపాను. నా బతుకులో అంత ఆశగా గడిపిన వారం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఇంటర్వ్యూ రోజు తొలి బస్సుకే బయల్దేరాను. ఆ కంపెనీ అద్దాల ముందు నాలాంటివాళ్లు కిటకిటలాడుతున్నారు. ముందు హెచ్‌ఆర్ మేడంతో మాట్లాడాలి, ఆమె సరేనంటే మేడ మీదికి టెక్నికల్ ఇంటర్వ్యూకు పంపిస్తారు. నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. ఆమె నాకన్నా నాలుగైదేళ్లే పెద్దదై ఉంటుంది. కాలేజీ కవరు విప్పి, ఒక్క చూపు చూసి పక్కన పెట్టింది. సారు కవరు విప్పింది. చదువుతూ చదువుతూ ఆగి నా వంక చూసింది, మళ్లీ చదివింది. ఎక్కాల ప్రోగ్రాం దగ్గర ఆగిందనుకున్నాను.

"వీళ్లింట్లో మీరు ఏం చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పిల్లలకు ట్యూషన్ చెప్తాను మేడం."

"ఇంకా?"

"ఇంకేమీ లేదు మేడం" అన్నాను.

"ఇంటి తాళాలు మీ దగ్గరే ఉంటాయా?"

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు అంతు చిక్కలేదు. ఉంటాయన్నాను. ఆమె తల ఊపింది. వెటకారంగా నవ్వలేదు, చులకనగా మాట్లాడలేదు. అట్లా చేసినా బాగుండేది, కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. జాలిగా చూసింది. "గుడ్, గుడ్" అని కాగితాలన్నీ నా ఫైల్లో తిరిగి పెట్టేసింది. మెయిల్ చేస్తామంది. నాకు ముందు వెళ్లినవాళ్లను మేడ మీదికి పంపారు, నన్ను గేటు వైపు పంపారు. ప్రోగ్రామింగ్ గురించి ఒక్క ముక్క కూడా నన్ను ఎవరూ అడగలేదు.

మెహిదీపట్నంలో బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికాక, ఫైలు విప్పాను. ఇక దాచడానికేముంది, కవరు చింపే ఉంది. చక్కటి ఇంగ్లీషు, ఒక్క తప్పు లేదు. ఈ మనిషిని రెండేళ్లుగా ఎరుగుదును అని మొదలైంది. ఎంతో నిజాయితీ గల మనిషి. చెప్పిన వేళకు వస్తుంది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. మర్యాద తెలుసు, ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. మేము ఊళ్లో లేనప్పుడు మా ఇంటి తాళాలు ఈమె చేతికే ఇచ్చి వెళ్తాం, ఇన్నాళ్లలో మా ఇంట్లో ఒక్క వస్తువు కూడా పోలేదు. ఏ ఇంటివారైనా, ఏ సంస్థవారైనా ఈమెను కళ్లు మూసుకుని నమ్మవచ్చు. కింద సారు సంతకం, హోదా, కంపెనీ పేరు.

ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. ఎక్కాల ప్రోగ్రాం లేదు. ఎంసీఏ అన్న మాటే లేదు. ఆయనకు తెలియక కాదు, నేను ఎంసీఏ అని ఆయనకు తెలుసు. కానీ నా గురించి రాయాలని కూర్చుని, చాలాసేపు ఆలోచిస్తే, ఆయన కళ్ల ముందుకు వచ్చింది మాత్రం తాళాలు పట్టుకున్న పిల్ల. ఒక్క వస్తువు కూడా పోలేదట! పోతుందని ముందు అనుకున్నారా? అనుకోకపోతే ఆ మాట ఎందుకు తట్టింది? బస్సులో అందరి ముందూ ఏడ్చాను. పక్కనున్న ఆమె "ఏమైంది బిడ్డా, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదన్నాను. ఆమె నమ్మలేదు.

తిట్టుకుందామన్నా ఆయన అబద్ధమేమీ రాయలేదు. ప్రతి ముక్కా నిజం. ఆయన దృష్టిలో అంతకన్నా గొప్ప మాట ఒక మనిషి గురించి ఉండదు. మంచి మనసుతో, మంచి ఇంగ్లీషులో, నన్ను నా స్థానంలో కూర్చోబెట్టారు. కోపగించుకోవడానికి కూడా చోటు మిగల్చకుండా ఒక మనిషిని ఇంత చిన్నది చేయవచ్చని ఆ రోజే తెలిసింది. అదే నన్ను లోపల విరిచేసింది.

తర్వాత నెలా నెలన్నర చేవెళ్ల నెట్ సెంటర్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. రాదని తెలుసు. తెలిసీ తిరిగాను. చివరికి మెయిల్ వచ్చింది. నా అర్హతలకు తగిన ఖాళీ ప్రస్తుతం తమ దగ్గర లేదని, ముందు ముందు శుభం జరగాలని రాశారు. ఆ తర్వాత కొత్త ఏడు పాసైనవాళ్లు వచ్చారు, నా సంవత్సరం అయిపోయింది. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి కుదురుకున్నాను. సారువాళ్ల పిల్లలకు ట్యూషన్ మాత్రం మానలేదు. మానడానికి కారణం చెప్పాలి కదా, ఏం చెప్తాను? మేడం అడిగింది, "ఏమైందమ్మా ఉద్యోగం?" అని. రాలేదన్నాను. "అయ్యో, అంత బాగా రాశారు కదా" అని నిజంగానే బాధపడింది.

ఇంట్లో బాపుకు మాత్రం మనసొప్పలేదు. రాత పరీక్ష పాసై, పెద్ద సారు సిఫారసు ఉండి, ఎందుకు రాలేదన్నది ఆయనకు కొరుకుడు పడలేదు. ఒకరోజు పొద్దున్నే, నేను బడికి తయారవుతుంటే, పక్కన వచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, నిజం జెప్పు. సారు ఏమన్న చెడ్డగ రాసిండా?"

"లేదు బాపు."

"మరి సదువు. నేనింటా."

తప్పించుకుందామని చూశాను. వదల్లేదు. ట్రంకు పెట్టెలోంచి తీసి, ఒక్కో వాక్యం చదివి, మన మాటల్లో చెప్పాను. తాళాల దగ్గరికి, ఒక్క వస్తువు కూడా పోలేదన్న దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేకపోయాను. ఆయనకు కోపం వస్తుందని, ఆ కోపం చూసైనా నా కడుపులో మంట కొంచెం చల్లారుతుందని ఎదురుచూశాను. "మా బిడ్డ దొంగతనం జేస్తదనుకున్నడా?" అని ఒక్క మాట అంటే చాలు, నేను ఆయన భుజం మీద పడి ఏడ్చేదాన్ని.

బాపు కళ్లు తుడుచుకుంటున్నాడు. సంతోషంతో.

"గింత మంచిగ రాసిండా! గంత పెద్ద మనిషి, ఇంట్ల ఒక్క వస్తువు పోలేదని సంతకం బెట్టి రాసిండంటె, గింతకంటె ఏం గావాలె బిడ్డా మనకు? మన బతుకుల ఇంకేమున్నది? గా కంపెనోళ్లకే అదృష్టం లేదు" అన్నాడు.

సారు రాసినందుకు తగిలిన దెబ్బ కన్నా ఇది పెద్దది. ఆయనైతే బయటి మనిషి. నన్ను కన్న మనిషి, నన్ను చదివించడానికి ఎండలో నడుము వంచిన మనిషి, నా గురించి ఎవరైనా చెప్పగలిగిన అతి గొప్ప మాట అదేనని నమ్ముతున్నాడు. నేను ఇంకేదో అయ్యానని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. బెంగళూరులో ఒక్క మనిషికి తెలుసు, ఆయన నంబరు మారింది. ఆ పొద్దున మా ఇంట్లో, మా బాపు పక్కన కూర్చుని, నేను ఎంత ఒంటరిదాన్నో నాకు అర్థమైంది.

బాపు కాగితం చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, పైనుంచి కిందికి చూశాడు. లేవబోతూ, మెల్లగా అన్నాడు.

"బిడ్డా, మనూరి అవతల కొత్తగ ఫారం హౌజ్ కడుతుండ్రు గద. వాచ్‌మెన్ గావాలంట. ఉండనీకె రూం సుత ఇస్తరంట. ఎరిగిన పెద్దమనిషి ఎవరన్న రాసిస్తెనే పెట్టుకుంటరంట. తోటల పని నాతోని ఐతలేదు, నడుము వడిపోయింది. సారును నువ్వు జర అడుగుతవా? నాకు సుత గిట్లాంటిదే ఒకటి రాసియ్యమని."

అప్పుడు తెలిసింది, ఆయన పొద్దున్నే వచ్చి పక్కన ఎందుకు కూర్చున్నాడో. నా దగ్గర కూడా ఆయన పద్ధతి తప్పలేదు.

అడిగాను. నేను అడగకపోతే ఎవరు అడుగుతారు? సారు వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నారు. "మీ నాన్నగారి గురించి ఎంతైనా రాయొచ్చమ్మా, మా వరండాలో ఎన్ని రాత్రులు కాపలా పడుకున్నాడు పాపం" అంటూ నా ఉత్తరం ఉన్న ఫైలు తెరిచారు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నా పేరు తీసేసి బాపు పేరు కొట్టారు. ఆమె అన్నచోటల్లా అతను అని మార్చుకుంటూ కిందికి వచ్చారు. చెప్పిన వేళకు వస్తాడు. ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. ఒక్క వస్తువు కూడా పోలేదు.

"చూడమ్మా, ఏమైనా తేడాగా ఉందా? ఉంటే చెప్పు, మారుస్తాను" అన్నారు.

వంగి, మొదటి నుంచి చివరి దాకా చదివాను. మా బాపుకు సరిపోని వాక్యం, నాకు మాత్రమే చెందిన వాక్యం ఒక్కటైనా ఉంటుందేమోనని రెండోసారి చదివాను.

"అంతా సరిపోయింది సార్" అన్నాను.

ఫారం హౌజ్ యజమాని ఆ ఉత్తరం ఒక్కటే చదివాడట. ఇంకేమీ అడగలేదట. మర్నాడే పనిలోకి రమ్మన్నాడు.